మా ఆసుపత్రికి ఫైర్‌వాల్ పెట్టించాం: ఆర్డరు నుంచి లాగుల దాకా నా అనుభవం

విజయనగరంలో నూటయాభై పడకల ప్రైవేటు ఆసుపత్రి మాది. ఐటీ చూసుకునేది నేనూ, నాకు సాయంగా ఒక కుర్రాడూ. 2025 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మా ఇద్దరికీ ఫైర్‌వాల్ (ఆసుపత్రి నెట్‌వర్క్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా కాసే పెట్టె) తప్ప వేరే లోకం లేదు. పెట్టెను ఎలా కాన్ఫిగర్ చెయ్యాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ఎర్తింగ్ గొయ్యి ఎవరు తవ్వుతారు, లీజు లైను (మాకు ప్రత్యేకంగా వేసిన ఇంటర్నెట్ లైను) వాళ్లు అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతారా, సోమవారం ఓపీ టైములో ఆరోగ్యశ్రీ డెస్కు ఆగిపోతే ఎవరు ఎవరి మీద అరుస్తారు, ఇవి మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. ఏ బ్రాండు కొన్నామో రాయను. గేటుకి ఏ తాళం వేశామో ఊరంతా చాటుకోవడం ఎందుకు?

జులైలో ఒక ఆడిట్ జరిగింది. వచ్చినాయన సర్వర్ గది చూసి, టీ తాగి, తాపీగా "ఆరు నెలల లాగులు ఒకసారి చూపించండమ్మా" అన్నారు. లాగులంటే నెట్‌వర్క్‌లో ఎవరు ఎప్పుడు ఎటు వెళ్లారో పరికరం రాసిపెట్టుకునే చిట్టా. మాది ఎనిమిదేళ్ల నాటి రౌటరు. కరెంటు పోయి వచ్చిందంటే దాని లాగులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి. సైబర్ దాడి లాంటిది ఏదైనా మన దృష్టికి వస్తే ఆరు గంటల్లోపు వాళ్లకి చెప్పాలి. మిషన్లన్నిట్లో గడియారాలు ఎన్ఐసీ, ఎన్‌పీఎల్ అనే ప్రభుత్వ సంస్థల టైము సర్వర్లతో సరిపోవాలి. ఈ ముక్క మా ఎండీ గారికి ముందు నుంచీ చెబుతూనే ఉన్నాను. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) వల్ల పడిపోయి, అక్కడ పనంతా చేత్తో రాసుకోవాల్సి వచ్చినప్పుడు కూడా చెప్పాను. ఆడిట్ రిపోర్టులో అక్షరాలా పడ్డాకే ఫైలు కదిలింది.

ఆగస్టంతా కొటేషన్లకే సరిపోయింది. విశాఖ డీలర్ల దగ్గర ఫోర్టినెట్, సోఫోస్, పాలో ఆల్టో మూడు కంపెనీల పెట్టెలకీ అడిగాం. ఇక్కడ ఒక్క మాట. బ్రోచర్లో అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో ఉండే 'ఫైర్‌వాల్ త్రూపుట్' అంకెని నమ్ముకుని కొనకండి. ప్యాకెట్ (డేటా మూట) లోపల ఏముందో చూడకుండా దాటించే వేగం అది. వైరస్ తనిఖీ, ఐపీఎస్ (దాడి ప్రయత్నాల్ని పసిగట్టి ఆపేది), అప్లికేషన్ కంట్రోల్ అన్నీ ఆన్ చేశాక ఎంత మిగులుతుందో కిందెక్కడో 'థ్రెట్ ప్రొటెక్షన్ త్రూపుట్' అనే వరుసలో ఉంటుంది. పైన పది జీబీపీఎస్ అని రాసున్న పెట్టె అక్కడికొచ్చేసరికి ఒక జీబీపీఎస్ కూడా చేరకపోవచ్చు. ఎన్‌క్రిప్షన్ విప్పి చూసే పనికి ఇంకో అంకె, అది వేరే వరుస. మా లీజు లైను 200 ఎంబీపీఎస్, బ్యాకప్ బ్రాడ్‌బ్యాండ్ 300. కింద వరుసల్లోని అంకెలు చూసుకునే మోడల్ ఎంచుకున్నాం.

మూడేళ్ల లైసెన్సుతో కలిపి 2,86,000 రూపాయలు, జీఎస్టీ అందులోనే. "పన్ను ఎలాగూ వెనక్కొచ్చేస్తుంది కదా మేడమ్" అన్నాడు డీలర్. ఆ మాట మా అకౌంటెంట్ గారి చెవిన వేస్తే ఆయన నవ్వారు. వైద్య సేవలకి జీఎస్టీ మినహాయింపు ఉంది, కాబట్టి ఆసుపత్రి కట్టిన 18 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. షాపుకో ఫ్యాక్టరీకో వర్తించే లెక్క మాకు పనికిరాదు. బడ్జెట్ అడిగేటప్పుడే పన్నుతో కలిపి అడగండి.

సెప్టెంబరు 8న ఆర్డరు పెట్టాం. "రెండు వారాలు, మహా అయితే మూడు" అన్నాడు డీలర్. మూడు వారాలు దాటింది, దసరా కూడా వెళ్లిపోయింది. అక్టోబరు 7, సిరిమానోత్సవం రోజున మధ్యాహ్నం కొరియర్ కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడమ్, మీ పార్సిల్ నా దగ్గరే ఉంది గానీ మూడు లాంతర్లు దాటి రాలేను, జనం చూశారా!" నిజమే, ఆ రోజు కోట నుంచి పైడితల్లి గుడి దాకా చీమ దూరే సందు ఉండదు. మర్నాడు పొద్దున్నే తెచ్చిచ్చాడు. సీలు పగలగొట్టే ముందు అట్టపెట్టెనీ, సీరియల్ నంబరునీ, సీలునీ ఫోటో తీసుకున్నాం. తర్వాత డీలరుతో గొడవ వచ్చినప్పుడు ఆ ఫోటోలే అక్కరకొచ్చాయి.

గొడవ లైసెన్సు గురించి. లైసెన్సు కాలం సాధారణంగా రిజిస్టర్ చేసిన రోజు నుంచి మొదలవుతుంది. పెట్టె బిగించే వారం దాకా రిజిస్టర్ చెయ్యొద్దని మెయిల్లో రాసి మరీ చెప్పాను. అయినా ఆ డీలరు ఇన్వాయిస్ కొట్టిన రోజే తన సొంత ఖాతా కింద రిజిస్టర్ చేసి పడేశాడు. రెండు నష్టాలు. పెట్టె మా గుమ్మం తొక్కకముందే లైసెన్సు కరగడం మొదలైంది. పైగా రేపు అప్‌డేట్లు, సపోర్టు టికెట్లు ఏవి కావాలన్నా ఆ డీలరు దయ మీద ఆధారపడాలి. ఆసుపత్రి పేరుమీదున్న ఖాతాకి మార్పించడానికి ఇన్వాయిస్, లెటర్‌హెడ్ మీద ఉత్తరం, సీరియల్ నంబరు ఫోటో పంపి, తయారీ సంస్థ సపోర్టుతో పది రోజులకి పైనే మెయిళ్లు నడిపాం. పోయిన రోజులు తిరిగి రాలేదు గానీ ఖాతా మాదైంది. మీరు ఆర్డరు పెట్టేటప్పుడే మీ సంస్థ మెయిల్ ఐడీతో ఖాతా తెరిచి, "రిజిస్ట్రేషన్ మేమే చేసుకుంటాం" అని పర్చేజ్ ఆర్డర్లోనే రాయించండి.

పెట్టె విప్పాక ఇంకో ముచ్చట. లోపల ఫైర్‌వాల్, పవర్ అడాప్టరు, ఒక నెట్‌వర్క్ కేబులు, ఒక చిన్న కాగితం, అంతే. ర్యాక్‌లో (నెట్‌వర్క్ పరికరాలు పెట్టే ఇనుప చట్రం) బిగించడానికి చెవులు లేవు. చిన్న, మధ్యస్థాయి మోడళ్లు టేబుల్ మీద పెట్టుకునే రకంగా వస్తాయట, ర్యాక్ ట్రే విడిగా కొనుక్కోవాలట. లీజు లైను ఫైబర్ దిగే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ కూడా విడిగానే. పెట్టెని ల్యాప్‌టాప్‌కి నేరుగా కలిపే కన్సోల్ కేబులు కూడా విడిగానే; దానికి ఒక వైపు నెట్‌వర్క్ పిన్ను లాంటిది, రెండో వైపు పాతకాలం సీరియల్ పోర్టు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టు ఎక్కడిది? యూఎస్‌బీ కన్వర్టరు కోసం ఊళ్లో కంప్యూటరు షాపులన్నీ తిరిగి, చివరికి విశాఖ నుంచి బస్సు పార్సిల్లో తెప్పించాం. ఈ చిల్లర సామానంతా కలిపి ఏడు వేలు దాటింది.

ఇప్పుడు ఎర్తింగ్ సంగతి, నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే. మా ర్యాక్ మెట్ల కింద గదిలో ఉంటుంది. అక్కడ నెట్‌వర్క్ స్విచ్‌లు (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే డబ్బాలు) కారణం లేకుండా చచ్చిపోతుంటాయి. రెండేళ్లలో మూడు మార్చాం, ప్రతిసారీ "చైనా మాల్ మేడమ్" అని తేల్చేశారు. ఇంత ఖరీదైన పెట్టె పెట్టే ముందు ఒకసారి చూడమని మా ఎలక్ట్రీషియన్ బాబాయిని బతిమాలాను. ఆయన మల్టీమీటరు తీసి ర్యాక్ సాకెట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూశాడు. 17 వోల్టులు చూపించింది. రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. బాబాయి ఇంకోసారి పెట్టి చూసి, మీటరు తట్టి, మళ్లీ చూసి, "ఇలగైతే ఎలగమ్మా, ఎర్తే లేదిక్కడ. పిన్నుంది, వైరుంది, వైరు ఎక్కడికెళ్లిందో దేవుడికి తెలవాలి" అన్నాడు.

వైరు వెంట వెళ్లి చూస్తే జనరేటర్ షెడ్డు వెనక పాత గొయ్యి దగ్గర పట్టీ తుప్పు పట్టి తెగిపోయి ఉంది. ఎప్పటిదో. కొత్తగా కెమికల్ ఎర్తింగ్ వేయించాలని నిర్ణయించాం. ఇద్దరు కూలీలు మనిషి మునిగేంత లోతు తవ్వారు. పోయిన వారమే వానలు పడి ఉన్నాయి కాబట్టి నేల మెత్తగా దిగింది. ఎలక్ట్రోడ్ దించి, చుట్టూ బెంటోనైట్ పొడి పోసి, నీళ్లు కొట్టి, కొత్త రాగి వైరు ర్యాక్ దాకా లాగారు. మర్నాడు మీటరు ఒక వోల్టు లోపే చూపించింది. ఖర్చు 9,500. అప్పటి నుంచి ఇంతవరకూ ఒక్క స్విచ్చీ పోలేదు. ఫైర్‌వాల్ కోసం కాకపోయినా ఆ పని చేయించాల్సిందే అని ఎండీ గారు కూడా ఒప్పుకున్నారు. లక్షల పెట్టె కొనేవాళ్లు ముందు ఐదు వందల మీటరుతో ఆ రీడింగు చూసుకోండి.

బాబాయి గొయ్యి తవ్విస్తుండగా మేమిద్దరం రాత్రుళ్లు కేబుళ్ల వెంట పడ్డాం. ఫైర్‌వాల్ అంటే చివరికి రూళ్ల జాబితా: ఎవరు ఎవరితో ఏ పోర్టు (ఒక్కో రకం పనికి ఉండే నంబరున్న ద్వారం) మీద మాట్లాడొచ్చు. ఆ జాబితా రాయాలంటే మన బిల్డింగులో ఏవేవి ఉన్నాయో ముందు తెలియాలి. మాకు తెలియదు! మా ముందు పనిచేసిన వెండరు ఒక్క కాగితం వదిలి వెళ్లలేదు. ర్యాక్‌లో నీలం కేబుళ్ల అడవి, ఒక్కదానికి లేబుల్ లేదు. నేను ర్యాక్ దగ్గర కేబుల్ తీసి పెట్టడం, కుర్రాడు పై అంతస్తులో నిలబడి "అక్కా, ఆరింది", "అక్కా, వెలిగింది" అని ఫోన్లో చెప్పడం. రిసెప్షన్ టేబుల్ కింద చెప్పుల పక్కన దుమ్ము కొట్టుకున్న ఐదు పోర్టుల స్విచ్ ఒకటి దొరికింది. దాని మీద బిల్లింగు, స్వైపింగ్ మిషను, వెయిటింగ్ హాలు టీవీ మూడూ ఆధారపడి ఉన్నాయి. తుడిచే అమ్మ రోజూ దాని ప్లగ్గు పీకి తుడిచి మళ్లీ పెడుతోందట. పొద్దున్నే ఏడింటికి బిల్లింగు ఎందుకు ఆగుతోందో ఏడాదిగా అర్థం కాని సంగతి అక్కడ తేలింది.

అలా తిరిగి ఎక్సెల్లో రాసుకుంటే జాబితా పెరుగుతూ పోయింది. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ సర్వరు. సీటీ, ఎక్స్‌రే బొమ్మలు దాచే ప్యాక్స్ సర్వరు, రాత్రిపూట ఆ బొమ్మలు చూసి రిపోర్టు రాసే విశాఖ డాక్టరు గారు. ల్యాబ్ అనలైజర్లు, వాటికి తగిలించిన విండోస్ 7 కంప్యూటర్లు (మార్చడానికి లేదు, అనలైజర్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు). 4370 పోర్టు మీద మాట్లాడే వేలిముద్ర హాజరు మిషను. ట్యాలీ. ఫార్మసీ. సీసీటీవీ రికార్డరు. దీంతో ఇంకో సంగతి బయటపడింది. ఇవన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. రోగి బంధువు వైఫై పట్టుకుంటే అదే గొట్టంలో ప్యాక్స్ సర్వరూ కనబడుతుంది. విడివిడి వీలాన్లుగా (ఒకదానికొకటి కనబడని చిన్న నెట్‌వర్క్‌లుగా) చెయ్యాలంటే అలా విడగొట్టగలిగే మేనేజ్డ్ స్విచ్‌లు కావాలి. మావన్నీ మామూలువి. 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్‌లు రెండు, 41,000. ఈ ఖర్చు ఏ డీలరూ కొటేషన్లో చెప్పడు.

సీసీటీవీ రికార్డరు కథ కొంచెం మొహమాటంతో కూడింది. ఎండీ గారు ఇంట్లోంచి ఫోన్లో కెమెరాలు చూసుకుంటారు. దానికోసం పాత రౌటర్లో రికార్డరు పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టారు, పాస్‌వర్డు కంపెనీ ఇచ్చినదే. ప్రపంచంలో ఎవరైనా మా క్యాజువాలిటీ చూడొచ్చన్నమాట. అది మూసేస్తున్నాను, వీపీఎన్ (బయటి నుంచి లాగిన్ అయి లోపలికి వచ్చే రహస్య దారి) పెడతాను అంటే ఆయన మొహం మాడ్చుకున్నారు. "ఇన్నాళ్లూ బాగానే ఉంది కదమ్మా, ఇప్పుడు ప్రతిసారీ ఇంకో యాప్ తెరిచి కోడ్ కొట్టాలా?" ఆయన ఎదుటే నా మొబైల్ డేటాతో, ఆసుపత్రి ఐపీ అడ్రసూ కంపెనీ పాస్‌వర్డూ కొట్టి ఆయన ఛాంబరు బయట కారిడార్ కెమెరా తెరిచి చూపించాను. ఇంకేం మాట్లాడలేదు. ఆ సాయంత్రమే పాస్‌వర్డు మార్పించారు. వీపీఎన్‌కి కూడా సరే అన్నారు.

అక్టోబరు మూడో వారంలో పెట్టెని ల్యాప్‌టాప్‌కి తగిలించి ముందస్తు పని మొదలుపెట్టాం. మొదటిసారి లాగిన్ అవగానే కొత్త పాస్‌వర్డు పెట్టమంటుంది. తర్వాత ఫర్మ్‌వేర్, అంటే పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్. గోదాములో నెలల తరబడి ఉన్న పెట్టె పాత వెర్షన్‌తో వచ్చింది. ఒక్క గెంతులో కొత్తదానికి వెళ్లకూడదు. ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి ఎక్కాలో తయారీ సంస్థ వరుస ఇస్తుంది, మెట్టు మెట్టుగా ఎక్కాలి. ప్రతి మెట్టుకీ రీబూట్. ఆ ఐదారు నిమిషాలు లైటు ఎర్రగా, ఆకుపచ్చగా మిణుకుతుంటే కరెంటు పోతుందేమోనని టెన్షన్. యూపీఎస్ మీద పెట్టే చెయ్యండి. అడ్మిన్ పేజీ ఇంటర్నెట్ వైపు నుంచి తెరుచుకోకుండా మూసేశాం, అడ్మిన్ లాగిన్‌కి ఓటీపీ యాప్ పెట్టాం. ఓటీపీ ఉన్న ఫోన్ పోతే గతేంటని రెండో అడ్మిన్ ఖాతా పాస్‌వర్డు కవర్లో పెట్టి సీలు చేసి ఎండీ గారి లాకర్లో పెట్టించాం.

ఒక నిర్ణయం మాకు చాలా శ్రమ తప్పించింది: బిల్లింగు, వార్డు కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌కి పాత అడ్రసులే ఉంచేశాం. పాత రౌటరు ఏ అడ్రసులో ఉండేదో ఫైర్‌వాల్‌కి అదే ఇచ్చాం. చేత్తో ఐపీలు పెట్టిన డజన్ల కొద్దీ కంప్యూటర్ల దగ్గరకి వెళ్లే పని తప్పింది. వైఫై, కెమెరాలు, ల్యాబ్ మాత్రం కొత్త వీలాన్లలోకి వెళ్లాయి.

కట్‌ఓవర్, అంటే పాత రౌటరు నుంచి కొత్త పెట్టెకి మారడం, అక్టోబరు 25 రాత్రి అనుకున్నాం. ఇంతలో బంగాళాఖాతంలో వాయుగుండం, అది ముదిరి తుపానయ్యాక దానికి మొంథా అని పేరు. డీలరు పంపాల్సిన ఇంజనీరు "తుపాను కబురొచ్చింది మేడమ్, అటు ఎలా రావాలి" అన్నాడు. మాకూ అప్పుడు నెట్‌వర్క్ ముట్టుకునే ధైర్యం లేదు. క్యాజువాలిటీకి డబుల్ డ్యూటీలు వేశారు, జనరేటర్ డీజిల్ నింపారు. 28 రాత్రి తుపాను కాకినాడ వైపు తీరం దాటింది. మాకు వానలే వానలు. ఆ ఇంజనీరుకి మళ్లీ ఖాళీ దొరికింది నవంబరు 8, శనివారం.

ఆ రాత్రి పదిన్నరకి మొదలుపెట్టాం. శనివారం ఎందుకంటే ఆదివారం ఓపీ ఉండదు, ఏదైనా తేడా వస్తే ఒక రోజు గడువు. క్యాజువాలిటీకి చీటీ పుస్తకాలు ముందే ఇచ్చాం. నర్సింగ్ సూపరింటెండెంట్ గారితో ఒక ఒప్పందం: తెల్లవారి నాలుగింటికల్లా నెట్ రాకపోతే పాత రౌటరు మళ్లీ పెట్టేస్తాం. అందుకని పాతదాన్ని ర్యాక్‌లోంచి తీయలేదు, కేబుళ్లకి అట్టముక్కలతో నంబర్లు కట్టి పక్కనే ఉంచాం. లోపలి స్విచ్‌లు మార్చి, వీలాన్లు వేసి, బిల్లింగు సర్వరు పనిచేస్తోందని చూసుకునేసరికి పదకొండున్నర. అంతా సాఫీగా వెళుతోందనుకున్నాం.

లీజు లైను కేబుల్ కొత్త పెట్టెకి పెడితే నెట్ లేదు. లింకు లైటు వెలుగుతోంది, ఐపీ సరిగ్గా ఉంది, గేట్‌వేకి (కంపెనీ వైపు ద్వారానికి) పింగ్ (ఉన్నావా అని తట్టి చూసే సందేశం) వెళ్లడం లేదు. పాత రౌటరుకి పెడితే వెంటనే వస్తోంది. ఇంజనీరు గడ్డం గోక్కుని, "మ్యాక్ పట్టుకున్నారు మేడమ్" అన్నాడు. లీజు లైను కంపెనీ వాళ్ల వైపు పరికరం మా పాత రౌటరు మ్యాక్ అడ్రసుని (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) గుర్తుపెట్టుకుని, ఇంకేది తగిలించినా రానివ్వడం లేదు. వాళ్లు తీసేస్తేనే పని. కాల్ సెంటర్‌కి ఫోన్. హోల్డ్ సంగీతం. "మీ రిజిస్టర్డ్ నంబరు నుంచి చెయ్యండి." ఆ నంబరు ఎవరిదో తెలుసా? మూడేళ్ల కిందట మానేసిన పర్చేజ్ మేనేజరుది! ఆయన్ని రాత్రి పన్నెండు దాటాక నిద్రలేపితే పాపం ఏమీ అనకుండా ఓటీపీ చెప్పాడు. టికెట్ తెరుచుకుంది. నెట్‌వర్క్ టీము నుంచి తిరిగి ఫోన్ వచ్చేసరికి రెండున్నర. కాల్ ఎత్తిన అబ్బాయి రెండే నిమిషాల్లో క్లియర్ చేశాడు. వెంటనే పింగ్ వచ్చింది. కుర్రాడు మెట్ల మీదే చప్పట్లు కొట్టాడు.

ఇది రాస్తున్నది మీకోసమే: కట్‌ఓవర్‌కి వారం ముందే లీజు లైను వాళ్లకి కొత్త మ్యాక్ అడ్రసు మెయిల్ చేసి, మార్పు రాత్రికి టికెట్ తెరిపించుకోండి. రిజిస్టర్డ్ నంబరు ఎవరి పేరు మీద ఉందో ముందే చూసుకోండి.

బ్యాకప్ బ్రాడ్‌బ్యాండ్‌కి ఇంకో చిన్న మెలిక. అది యూజర్‌నేమ్, పాస్‌వర్డుతో లాగిన్ అయ్యే పీపీపీఓఈ లైను. దాని మీద గూగుల్ వస్తుంది, కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతాయి. పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్లో ఎనిమిది బైట్లు తినేస్తుంది కాబట్టి ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 కాదు, 1492. టీసీపీ ఎంఎస్ఎస్ (ప్యాకెట్లో అసలు డేటా ఎంత పట్టాలో చెప్పే అంకె) 1452కి తగ్గించాక సరిపోయింది.

ఆదివారం ప్రశాంతంగా గడిచింది. సోమవారం, నవంబరు 10, తొమ్మిదిన్నరకి ఓపీ హాలు నిండా జనం, నా ఫోన్ ఆగకుండా మోగడం. మొదట ఎన్టీఆర్ వైద్య సేవ డెస్కు, మేమంతా ఆరోగ్యశ్రీ డెస్కు అనే అంటాం. పోర్టల్ తెరుచుకుంటోంది గానీ పేపర్లు అప్‌లోడ్ అవడం లేదు. ఆ డెస్కు చూసే ఆరోగ్యమిత్ర కిటికీ దగ్గర నిలబడి "ఏటండీ ఇది, శుక్రవారం దాకా బాగున్నదే!" అని కేక. వెనక పార్వతీపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పెద్దాయన ఒకాయన చేతిలో ఫైలు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. లోపం పోర్టల్‌ది కాదు. ఎన్‌క్రిప్టెడ్ ట్రాఫిక్‌ని విప్పి చూసే డీప్ ఇన్‌స్పెక్షన్ ఆన్‌లో ఉంది. మన పెట్టె మధ్యలో కూర్చుని తన సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ మూట కడుతుంది, కొన్ని అప్లికేషన్లు దాన్ని ఒప్పుకోవు. ఆ డెస్కుని మినహాయింపు జాబితాలో వేసేసరికి పది నిమిషాలు పట్టింది. పెద్దాయన ఫైలే మొదట ఎక్కింది.

తర్వాత ల్యాబ్. అనలైజరు కంపెనీ ఇంజనీరు హైదరాబాద్ నుంచే ఎనీడెస్క్ అనే రిమోట్ యాప్‌లో వచ్చి సరిచేస్తుంటాడు, రిమోట్ యాక్సెస్ యాప్‌లన్నీ మూసేశాం కదా, రాలేకపోయాడు. అది మాత్రం శాశ్వతంగా తెరవలేదు. ల్యాబ్ వాళ్లు అడిగినప్పుడు, ఆ ఒక్క కంప్యూటరుకి, రెండు గంటలపాటు తెరిచే రూలు పెట్టాం. మధ్యాహ్నానికి స్వైపింగ్ మిషను వంతు, అది పాత వైఫై పేరు వెతుక్కుంటోంది. ఫార్మసీలో యూపీఐ డబ్బు వచ్చిందని అరిచే డబ్బా మాత్రం తన సిమ్ముతో తాను హాయిగా మోగుతూనే ఉంది, దాన్ని చూసి నాకు అసూయ పుట్టింది.

డీప్ ఇన్‌స్పెక్షన్ గురించి చివరికి మేం తేల్చుకున్నది ఇది: ఆసుపత్రి సొంత కంప్యూటర్లలో మన సర్టిఫికెట్ వేసి అక్కడ మాత్రమే ఆన్. బ్యాంకులు, ప్రభుత్వ, ఇన్సూరెన్స్ పోర్టళ్లు మినహాయింపు. డాక్టర్ల సొంత ఫోన్లు, రోగుల బంధువుల వైఫై జోలికి వెళ్లం, అక్కడ సైటు పేరు చూసి ఆపడం వరకే. అందరి మీదా రుద్దమని ఇంజనీరు పట్టుబట్టాడు. నాకు నచ్చలేదు. ఒక డాక్టరు గారి సొంత ఫోన్లో ట్రాఫిక్ విప్పి చూసే హక్కు మనకెక్కడిది?

రూళ్లు ఎలా బిగించామంటే, ఫైర్‌వాల్ జాబితాని పై నుంచి కిందికి చదువుతుంది, సరిపోయిన మొదటి రూలుతో ఆగిపోతుంది, ఏదీ సరిపోకపోతే అడుగున ఉన్న రూలు ఆపేస్తుంది. మేం మొదటి వారం పాటు అడుగు రూలుకి పైన 'అన్నీ అనుమతించు, కానీ రాసిపెట్టు' అనే తాత్కాలిక రూలు ఒకటి ఉంచాం, లోపలి నుంచి బయటికి వెళ్లేవాటికి మాత్రమే. రోజూ సాయంత్రం దాని లాగులు చూసి, అవసరమైనవాటికి పైన సరైన రూలు రాయడం. వారాంతానికి అందులో పడేవి బాగా తగ్గాయి, అప్పుడు తీసేశాం. ఒక్క అరుపు వినబడింది: హాజరు మిషను హెచ్ఆర్ కంప్యూటరుకి డేటా పంపడం లేదని.

ఆ లాగులు చదవడం ఒక వ్యసనమైపోయింది నాకు. ఇంటర్నెట్ వైపు నుంచి ఎవరెవరో రాత్రీ పగలూ పోర్టులు తట్టి చూస్తూనే ఉంటారు, అది మామూలే. లోపలి నుంచి వెళ్లేవే ఆశ్చర్యం. వెయిటింగ్ హాలు స్మార్ట్ టీవీ కొన్ని నిమిషాలకోసారి ఎవరికో కబురు పంపుతోంది. సీసీటీవీ రికార్డరు దాని తయారీ కంపెనీ క్లౌడ్‌కి ఆగకుండా ఫోన్ చేస్తోంది. టీవీని గెస్ట్ నెట్‌వర్క్‌లోకి తోసేశాం, రికార్డరుకి బయటి దారి మొత్తం మూసేశాం. ఇంకో విషయం, మా మోడల్‌లో డిస్కు లేదు. లాగులు మెమరీలోనే ఉంటాయి, రీబూట్ అయితే పోతాయి. అంటే ఆడిట్ ఆయన అడిగిన 180 రోజులు ఈ పెట్టె ఒక్కదానితో తీరవు! మూలనున్న పాత కంప్యూటరుకి రెండు టీబీ డిస్కు వేసి, లినక్స్ ఎక్కించి, లాగులు పోగుచేసి దాచే సిస్‌లాగ్ సర్వరుగా మార్చాం. డిస్కు ఖరీదు ఐదు వేల చిల్లర. దాని గడియారమూ, ఫైర్‌వాల్ గడియారమూ ఎన్ఐసీ టైము సర్వర్లకి కట్టాం.

మొత్తం లెక్క వేస్తే, పెట్టె, స్విచ్‌లు, ఎర్తింగ్, చిల్లర సామాను, డిస్కు, ఇంజనీరు ఇన్‌స్టలేషన్ ఛార్జీ 15,000, ఆయన కారు ఖర్చూ కలిపి 3,67,000 దగ్గర తేలింది. ఎండీ గారి దగ్గర మొదట అడిగింది మూడు లక్షలు. మూడేళ్ల తర్వాత రెన్యువల్ ఎంతవుతుందో డీలరు చేత ఇప్పుడే కాగితం మీద రాయించుకున్నాం. నోటిమాటగా చెప్పిన ధర అప్పటికి ఉండదు.

నవంబరు 23, ఆదివారం మధ్యాహ్నం అందరికీ చెప్పి లీజు లైను కేబుల్ పీకేశాం. కొన్ని సెకన్లలో బ్రాడ్‌బ్యాండ్ అందుకుంది. బిల్లింగు ఆగలేదు. విశాఖ డాక్టరు గారి వీపీఎన్ తెగింది, రెండో లైను అడ్రసు కూడా ఆయన యాప్‌లో వేశాక మళ్లీ పీకి చూశాం, ఈసారి కలిసింది. కేబుల్ తిరిగి పెడితే లీజు లైను దానంతటదే పైకొచ్చింది. మిగిలింది రెండో ఫైర్‌వాల్. ఇది చెడిపోతే వెంటనే అందుకునేలా పక్కన ఇంకోటి ఉంచాలి. కొటేషన్ ఎండీ గారి టేబుల్ మీదుంది, వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్నారు. అప్పటిదాకా పాత రౌటరు నంబర్లు కట్టిన కేబుళ్లతో ర్యాక్ అడుగునే ఉంటుంది.